అందరికీ వస్తుందమ్మా!

కాకి అరిస్తే చుట్టాలొస్తారని మా అమ్మమ్మ నమ్మకం. పెరటిగోడ మీద కాకి రెండుసార్లు గట్టిగా కూసిందంటే చాలు, ఆవిడ ఇంకో సోలెడు బియ్యం ఎసట్లో పోయించేది. ఆ చుట్టాలు వచ్చేవాళ్లో లేదో నాకిప్పుడు గుర్తులేదు గానీ, ఆ కాకి ఉద్యోగం మా ఇంట్లో కంప్యూటరు స్పీకర్లు పుచ్చుకున్నాయి.

పొద్దున పనులన్నీ తెముల్చుకుని, పాత పాటొకటి సన్నగా పెట్టుకుని, నవలలో నా కథానాయిక గుమ్మం దాటి వెళ్లాలా వద్దా అని తేల్చుకునే ఘట్టంలో వుంటానా - "టిటిక్, టిటిక్, టిటిక్... జుర్ర్‌ర్ర్" అని స్పీకర్లు ఒక్కపెట్టున గగ్గోలు పెడతాయి. ఆ తరవాత రెండు మూడు క్షణాలకి, బల్లమీద మావారు మరిచిపోయిన బటన్ ఫోను తీరిగ్గా మోగుతుంది.

"చూశావా, నీ స్పీకర్లకి జ్యోతిషం కూడా వచ్చు!" అంటారు మావారు, అదేదో తమరు నేర్పిన విద్యలాగా.

ఈలోగా నా కథానాయిక గుమ్మం దగ్గరే చతికిలబడిపోతుంది. ఇహ ఆ పూట లేవదు.

మీరూ వినేవుంటారు. పెళ్లి పందిట్లో సరిగ్గా మాంగల్యధారణ వేళకి పురోహితుడిగారి మైకులోంచి ఇదే చప్పుడు వస్తుంది, మంత్రం మింగేస్తుంది. సభలో వక్తగారు జేబులో ఫోనుతో మైకు ముందు నిలబడితే, ఆయన గుండె కొట్టుకుంటున్నట్టే వినిపిస్తుంది. మనం నవ్వుకుని వూరుకుంటాం. నేనూ చాలాకాలం వూరుకున్నాను. ఎందుకు వూరుకున్నానా అని ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అంచేతే ఈ రాత.

స్పీకర్లు కొన్న దుకాణానికి వెళ్లి అడిగాను. కుర్రవాడు ఫోనులోంచి తలెత్తకుండానే, "అందరికీ వస్తుందమ్మా!" అన్నాడు.

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ మీకు? నడుం నొప్పి అని చెబితే, "ఈ వయసులో అందరికీ వస్తుందమ్మా" అన్నారు. ఆడపిల్ల మొదటి కాన్పు తరవాత రాత్రంతా కూర్చుని ఏడుస్తోందంటే, "అందరికీ వుండేదే" అన్నారు. కట్టెల పొయ్యి పొగకి కళ్లు మండుతున్నాయంటే మా అమ్మమ్మతోనూ ఇదే అన్నారు. అందరికీ వస్తే అది బాధ కాకుండా పోతుందా? ఒకరికి వస్తే రోగం, వందమందికి వస్తే ఆచారమా? నన్నడిగితే, అందరికీ వస్తోందంటే ముందు కదలవలసింది ఆ చేసినవాడు. మన దేశంలో మాత్రం అందరికీ వస్తోందన్న ఒక్క ముక్కతో చేసినవాడు చేతులు దులుపుకుంటాడు, మనం సర్దుకుపోతాం.

నేను చదివింది బి.ఏ., వనపర్తిలో. యంత్రాల సంగతి నాకు బొత్తిగా తెలీదు. కానీ వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ వుంది కదండీ, మా తమ్ముడు అందులో చదివాడు. వాణ్ణి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "ఇది ఎందుకొస్తుందో నాకు అర్థమయ్యేలా చెబితే గానీ కదలనివ్వను" అన్నాను.

"అక్కా, బావి దగ్గర ఒకే గిలక వుంది, ఎనిమిది ఇళ్లవాళ్లున్నారనుకో. ఏం చేస్తారు?"

"వంతులేసుకుంటారు."

"అదే ఇదీ" అన్నాడు.

మన పాత రకం మొబైలు పద్ధతి, అదే రెండో తరం అంటారే, అందులో ఒక దారిని ఎనిమిది ఫోన్లు పంచుకుంటాయిట. ఒక్కొక్కరికి దొరికే వంతు సెకనులో సుమారు 1,733వ భాగం. ఆ రెప్పపాటులో వెయ్యో వంతు కాలంలో ఫోను తన మాటనంతా గబగబా కుమ్మరించి నోరు మూసుకోవాలి. మళ్లీ వంతు వచ్చాక మళ్లీ. అలా సెకనుకి దాదాపు 217 సార్లు నోరు తెరవడం, మూయడం. అసలు ఆ తరంగం సెకనుకి తొంభై కోట్లసార్లు వూగుతుంది. దాన్ని ఏ చెవీ వినలేదు. కానీ ఈ 217 సార్ల తెరిచి మూయడం వుందే, అది మన చెవికి చక్కగా అందే స్థాయి. స్పీకరు తీగ ఆ తరంగాన్ని ఏరియల్‌లాగా పట్టుకుంటుంది. లోపల గొంతు పెంచే భాగం దాన్నికాస్తా చప్పుడుగా మార్చి మన నెత్తిన పోస్తుంది. బావిలో నీళ్లు మనకి కనిపించవు గానీ గిలక కిర్రుమనడం వీధంతా వినిపించినట్టు.

"మరి మోగకముందే ఎందుకు కూస్తుంది?"

"మోగకముందే ఫోనూ టవరూ మాట్లాడుకుంటాయి కదక్కా. 'నీకు పిలుపొచ్చింది' అని టవరు, 'ఇదిగో ఇక్కడున్నాను' అని ఫోను. ఆ గుసగుస నీ స్పీకరు చాటుగా వింటోంది."

అయితే జ్యోతిషం కాదన్నమాట; చాడీలకోరుతనం!

ఇంకో సంగతి కూడా చెప్పాడు. టవరు దగ్గరుంటే ఫోను మెల్లగా మాట్లాడుతుంది. దూరమైతే గొంతు చించుకుంటుంది. పాత పద్ధతి ఫోను గట్టిగా అరిస్తే రెండు వాట్ల దాకా పోతుంది. ఆ వెనక వచ్చిన మూడో తరం ఫోనుకి పావు వాటు చాలు. అంచేత నాలుగు టవర్లున్న నగరంలోకంటే నల్లమల అంచున అమ్రాబాదు పక్క పల్లెలో, సందు చివర మందపాటి రాతిగోడల పాతింట్లో ఈ గోల ఎక్కువ. చూశారా, సౌకర్యం తక్కువున్న చోటే బాధ ఎక్కువ. ఇందులో కూడా మన పాలమూరు రాతే!

వినడానికి ఇదంతా వినోదంగానే వుంది. కానీ నా కోపం స్పీకర్ల గురించి మాత్రమే అయితే ఇన్ని కాగితాలు ఖరాబు చేసేదాన్ని కాదు. ఇప్పుడు మా పెద్దమ్మ సంగతి చెప్పాలి.

నా పుట్టిల్లు వనపర్తి, మెట్టినిల్లు నాగర్‌కర్నూలు, మా పెద్దమ్మ వుండేది గద్వాల. అప్పుడు మూడూ పాలమూరు జిల్లాలోవే; 2016 అక్టోబరు 11 నుంచి మూడూ మూడు జిల్లాలయ్యాయి. పెద్దమ్మకి చెవి మందగిస్తే 2011లో పిల్లలు ఓ పెద్ద వూరికి తీసుకెళ్లి, వున్నంతలో మంచిదేనని వినికిడి యంత్రం కొనిచ్చారు. పెట్టుకున్న మొదటి రోజు ఆవిడ ముఖం చూడాలి! "ఏమ్మా, మన యింట్ల ఇన్ని పిచ్చుకలుండెనా?" అని పెరట్లోకి పోయి నిలబడింది.

వారం తిరక్కుండానే యంత్రం తీసి పక్కన పెట్టింది. "చెవుల తేనెటీగలు జొచ్చినట్లు ఐతాది బిడ్డా. ఎవరన్నా దగ్గరికొస్తే చాలు, జుయ్యిమంటాది" అంది.

ఎవరన్నా దగ్గరికొస్తే! ఆ ముక్కలోనే వుంది జవాబంతా. కానీ ఎవరు విన్నారు? కొడుకు, "కొత్త కదమ్మా, అలవాటైతది" అన్నాడు. కోడలు, "డబ్బులు పోసి కొన్నది పెట్టుకోకుంటే ఎట్లత్తమ్మా" అంది. అమ్మిన చోట యంత్రాన్ని పరీక్షించి, బాగానే వుందన్నారు. ఆ గదిలో ఫోన్లు ఆపించే పరీక్షిస్తారు మరి! చుట్టాల్లో ఒకావిడ, మనసు బాగాలేని వాళ్లకి అలా చెవుల్లో వినిపిస్తుందని మెల్లగా అంటించి పోయింది. అలంపురం తీసుకెళ్లి జోగులాంబ అమ్మవారికి మొక్కించారు కూడా. అమ్మవారు మాత్రం ఏం చేస్తుంది, మొక్కు మొక్కించిన వాళ్ల జేబుల్లోనే ఫోన్లుంటే?

నేనేం చేశానో కూడా చెప్పాలి. కథల్లో ఆడవాళ్ల కష్టాలు రాసి చప్పట్లు కొట్టించుకునే నేను, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "అందరికీ మొదట్లో అలానే వుంటుంది పెద్దమ్మా, అలవాటవుతుంది" అన్నాను. దుకాణం కుర్రవాడికీ నాకూ తేడా ఏముంది చెప్పండి?

యంత్రం తమలపాకుల డబ్బాలోకి పోయింది. పెద్దమ్మ మూలకి పోయింది. మూడేళ్లు. మునిమనవరాలు మాటలు నేర్చింది ఆ మూడేళ్లలోనే.

2014 సంక్రాంతికి అందరం గద్వాలలో కలిశాం. పండగపూటైనా పెట్టుకొమ్మని బలవంతాన యంత్రం పెట్టించారు. మనవడు కోట దగ్గర డీటీపీ దుకాణం పెట్టుకున్నాడు. చూపించడానికి నాయనమ్మని తీసుకెళ్లి కంప్యూటరు పక్కన కూర్చోబెట్టాడు. స్పీకర్లలో ఏదో పాట. వాడి జేబులో ఫోను. "టిటిక్, టిటిక్, జుర్ర్‌ర్ర్" అన్నాయి స్పీకర్లు. పెద్దమ్మ చెవి మీద చెయ్యేసుకుని గభాల్న లేచి నిలబడింది.

"ఇదే! ఇదే సప్పుడు! నా చెవుల మోగేది ఇదే! మీగ్గూడ ఇనొస్తాందా?"

మాకూ వినిపిస్తోంది. దుకాణంలో వున్న ఆరుగురికీ వినిపిస్తోంది. మూడేళ్లుగా ఆవిడ ఒక్కదానికే వినిపించిన తేనెటీగలు మొదటిసారి అందరి చెవుల్లోనూ పడ్డాయి. ఫోను బయట పెట్టించి చూశాం, పోయింది. తెచ్చాం, వచ్చింది. ఎవరం మాట్లాడలేదు.

"మూడేండ్లు నన్ను పిచ్చిదాన్ని జేస్తిరి గదమ్మా" అంది పెద్దమ్మ. కోపంగా కూడా అనలేదు.

ఈ బాధ శాస్త్రవేత్తలకి తెలియనిదైతే ఎవర్నీ అనేదాన్ని కాదు. తెలుసు! మన దేశంలో మొదటి మొబైలు ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది - కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో వున్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ తరవాత అయిదు నెలలకి, 1996 జనవరి 1 నుంచి, ఐరోపాలో ఒక నియమం తప్పనిసరైంది. కరెంటు వస్తువు ఏదైనా సరే, పక్క వస్తువుని ఇబ్బంది పెట్టకూడదు. పక్క వస్తువు మామూలుగా చేసే సందడికి తాను చెదరకూడదు. 1989లోనే చేసిన ఆదేశం అది. వినికిడి యంత్రాలు ఈ ఫోన్ల తాకిడికి ఎంత తట్టుకుంటాయో ఎలా పరీక్షించాలన్న అంతర్జాతీయ ప్రమాణం 1997లో వచ్చింది. అమెరికాలో ఫోన్లు వినికిడి యంత్రాలకి అనువుగా వుండాలని 1988లోనే చట్టం చేశారు. అందులో మొబైళ్లకి మినహాయింపిచ్చి, 2003లో ఆ మినహాయింపు కుదించి, కొన్ని రకాలైనా పరీక్షించి పెట్టెమీద అక్షరం, అంకె వేసి అమ్మి తీరాలన్నారు. మా పెద్దమ్మ చెవిలో తేనెటీగలు జొరబడింది వీటన్నిటి తరవాత, 2011లో! తెలిసిన సంగతి మా గద్వాల దాకా రావడానికి కృష్ణ అడ్డొచ్చిందా?

మనకి చట్టాలు లేవా అంటే, తక్కువేం కాదు. 1933లోనే వైర్‌లెస్ చట్టం వచ్చింది. ఎనభైల దాకా ఇంట్లో రేడియో వుంచుకోవాలంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి. మా నాన్న ఆ పుస్తకాన్ని ఇంటి పట్టాతో సమానంగా ట్రంకుపెట్టెలో దాచాడు. ఆకాశంలో ఎవరు ఎవరికి అడ్డొస్తున్నారో కనిపెట్టడానికి 1952 నుంచీ కేంద్రంలో ఒక శాఖే వుంది. ఇంతా చేసి, ఇంజనీర్ల లెక్కలో ఈ చప్పుడులో తప్పు ఫోనుది కాదుట. ఫోనుకి మాట్లాడే హక్కుంది, అది తన వంతులో తన మాట మాట్లాడింది. వినకూడనిది విన్న స్పీకరుదీ, యంత్రానిదీ తప్పు. సరే, ఒప్పుకున్నాను. మరి అలా వినేట్టు తయారుచేసి అమ్మినవాడి మాటేమిటి? ఎలక్ట్రానిక్ వస్తువులకి 2012 ఉత్తర్వుతో మన ప్రభుత్వం తప్పనిసరి నమోదు పెట్టింది. అందులో ప్రధానంగా చూసేది షాకు కొడుతుందా, మంట అంటుకుంటుందా అని. చూడవలసిందే. ప్రాణం ముఖ్యం. ప్రాణం వున్నవాళ్లకి చెవులు కూడా వుంటాయని ఎవరైనా గుర్తు చేస్తే బాగుండును.

నా మాట వినగానే మూడు జవాబులు వస్తాయి. నాకు తెలుసు.

మొదటిది: "ఫోనంటే గిట్టదా మీకు? దాని వల్ల ఎంత మేలు జరిగింది!" అయ్యో, నాకు తెలియకనా! పొట్ట చేతబట్టుకుని బొంబాయి, పూణే పోయిన పాలమూరు కూలీల తల్లులు, ఏడాదికో వుత్తరం కోసం ఎదురుచూసిన రోజులు చూసినదాన్ని. ఫోను వచ్చి కొడుకు గొంతు తల్లి చెవిలో పడేసింది. ఆ గొంతు వినడానికే కదా తల్లికి చెవి కావాలి! చెవినే పాడుచేసే చప్పుడుని ఆ మేలుకి కట్టే సుంకంలా భరించమనడం ఏం న్యాయం?

రెండోది: "కొత్త ఫోన్లొచ్చాయి, అదే పోతుంది." కొంత నిజమే. మూడో తరం ఫోన్లలో ఈ వంతుల పద్ధతి లేదు. ఈ రొదా లేదు. 2002 చివర్లో మన వూళ్లలోకి గుంపులుగా వచ్చిన సీడీఎంఏ ఫోన్లు కూడా ఇలా గోల పెట్టేవి కావు. ఇప్పటి నాలుగో తరంలోనూ బాగా తగ్గింది. కానీ మావారి బటన్ ఫోనులాంటివి ఇంకా ఎన్ని జేబుల్లో వున్నాయి! పైగా ఒక చప్పుడు పోతే ఇంకోటి వస్తోంది. నా చిన్నప్పుడు పక్కింటి మిక్సీ తిరిగితే మా రేడియో గర్రుమనేది. ఇప్పుడు చవకరకం ఎల్‌ఈడీ బల్బు వేస్తే, చార్జరు పెడితే, మీడియం వేవ్ స్టేషను బుసబుసల్లో మునిగిపోతోంది. చేసేవాడి బుద్ధి మారనంతకాలం చప్పుడు పేరు మార్చుకుంటుంది, అంతే.

మూడోది: "ఆ ధరకి అంతకంటే ఏమొస్తుందమ్మా?" దీనికి మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. కంప్యూటరు తీగల చివర లావుపాటి నల్లటి ముడి ఒకటి వుంటుంది చూడండి, కొండచిలువ ఎలకని మింగినట్టు. అందరం చూశాం, ఎందుకని అడగలేదు. అది ఫెర్రైట్ అనే ఇనుప సంబంధమైన ముద్ద. తీగ వెంట జొరబడే ఇలాంటి తరంగాలని లోపలికి పోకుండా పట్టి మింగుతుంది. దాంతోపాటు తీగమీద సన్నని లోహపు అల్లిక, లోపల ఒకటి రెండు చిన్న కెపాసిటర్లు. చాలావరకు మందు ఇదే. దీని ఖర్చు మనం బేరం చెయ్యకుండా వదిలేసే చిల్లర.

గద్వాల చీర చూడండి. నూలు ఒడలు, పట్టు అంచు. రెండూ రెండు జాతుల దారాలు. ఆ రెండూ కలిసేచోటే వుంది నేతగాడి ప్రాణమంతా. పోగు పోగూ కలిపి అల్లుతాడు. మనమూ చీర తిరగేసి మొదట చూసేది అక్కడే. "అంచు ఊడొస్తుంది, అందరికీ వస్తుందమ్మా, సర్దుకుపొండి" అని ఏ నేతగాడైనా అన్నాడా? అంటే వూరుకుంటామా? కుండ కొంటే వేలితో కొట్టి చూస్తాం. కొబ్బరికాయ చెవి దగ్గర ఆడించి చూస్తాం. వేలు పోసి కొనే యంత్రం దగ్గరికొచ్చేసరికి మనకేం వచ్చిందండీ? "మాకేం తెలుసు" అని మగవాళ్ల వెనక నిలబడతాం. ఆ మగవాళ్లకి తెలుసని ఎవరు చెప్పారు?

అంచేత నా సలహా ఒక్కటే. స్పీకర్లు గానీ, మైకు గానీ, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లకి వినికిడి యంత్రం గానీ కొనేటప్పుడు ఒక బటన్ ఫోను తీసుకెళ్లండి. పక్కన పెట్టి ఒక్క మిస్డ్ కాల్ ఇప్పించండి. కూసిందా, తిరిగిచ్చేయండి. "అందరికీ వస్తుందమ్మా" అంటే, "అయితే అందరం తిరిగిచ్చేస్తాం నాయనా" అనండి. ఈలోగా ఇంట్లో వున్నదానికి, ఫోను ఓ మూడు నాలుగడుగుల దూరం జరపండి, తీగ పొడుగ్గా వేలాడకుండా చుట్టి పెట్టండి, కొంత తగ్గుతుంది. అన్నిటికంటే ముందు, ఇంట్లో ముసలావిడ చెవిలో ఏదో మోగుతోందంటే, మోగుతోందనే నమ్మండి. కారణం తరవాత వెతుక్కోవచ్చు.

పెద్దమ్మకి 2014లోనే వేరే యంత్రం తెచ్చారు, ఫోను పక్కన పెట్టి, పరీక్షించి మరీ. అయిదేళ్లు చక్కగా పెట్టుకుంది. మునిమనవరాలితో గంటలకొద్దీ కబుర్లు చెప్పింది. 2019లో వెళ్లిపోయింది. పాత యంత్రాన్ని ఆ తమలపాకుల డబ్బాతో సహా నేనే అడిగి తెచ్చుకున్నాను. ఎవరైనా ఏదైనా చెబితే, "అందరికీ అంతే" అనబోయే ముందు ఒకసారి దానివంక చూస్తుంటాను.

ఈ చివరి వాక్యం రాస్తూండగా మళ్లీ "టిటిక్, టిటిక్" అన్నాయి స్పీకర్లు. మావారు చెయ్యి చాచేలోగా బటన్ ఫోను నేనే తీసుకున్నాను. వచ్చిన పిలుపు మాట్లాడి పెట్టేశాక, అదే ఫోనుతో దుకాణానికి చేశాను. స్పీకర్లు వెనక్కి తీసుకుంటారా లేదా అని అడుగుతున్నాను. వెనకనుంచి ఆ స్పీకర్లే జుర్రుమంటూ సాక్ష్యం చెబుతున్నాయి.